పోయినవాళ్ళ గడి

పనసగుడ,
సెప్టెంబరు 12

గాయత్రికి అక్క కృపావతి రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. మన ఊళ్ళో సిగ్నల్ అందేది ఇప్పటికీ ఆ పైబండ మీద ఒక్కచోటే. అక్కడ ఎప్పుడు చూసినా పదిమంది ఫోన్లు చెవికి పెట్టుకుని నిలబడి ఉంటారు. ఒకరి కష్టం పదిమందీ వింటారు. నా కొడుకు సంగతి అక్కడ నిలబడి అరవలేను. మీ బావ శుక్రవారం అరకు సంతకు వెళ్ళినప్పుడు ఇది పోస్టులో వేస్తాడు.

భీముడికి పోయిన వారం తొమ్మిది నిండాయి. కిందటేడు బడికి కొండ దిగి మళ్ళీ ఎక్కేవాడు. ఇప్పుడు కూర్చున్నవాడు లేవాలంటే ముందు నేల మీద చేతులు ఆనిస్తాడు, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద, తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు లేస్తాడు. పిక్కలు మాత్రం పెద్దవాళ్ళకున్నట్టు లావుగా ఉన్నాయి. అమ్మ వాటిని నిమిరి మురిసిపోతుంది. "కొండోడి పిక్కలే ఇవి, గుంటడికి ఏటీ అవదు" అంటుంది.

జూలైలో నువ్వు మీ ఆసుపత్రిలో వాడికి రక్తం తీయించావు కదా, ఆ కాగితం వచ్చిందా? తొందరేం లేదు. అంగన్‌వాడీలో పిల్లల బరువులు చూసి రాసేటప్పుడు ఊరికే గుర్తొచ్చింది.

మీ ఆయన టైటస్‌ని అడిగానని చెప్పు.

అక్క

విశాఖపట్నం,
అక్టోబరు 3

అక్కకి,

కాగితం వచ్చింది. వారం నుంచి నా బ్యాగులోనే ఉంది. రికార్డుల గదిలో రోజుకు వందమంది కాగితాలు తీసి పెట్టేదాన్ని, ఇదొక్కటి చేతికొస్తే ఎలా పట్టుకోవాలో తెలియలేదు.

జన్యు విభాగం డాక్టరమ్మ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. జబ్బు పేరు డుషెన్. కండ కదిలినప్పుడల్లా చిరగకుండా కాపాడే ప్రోటీను ఒకటుందట, డిస్ట్రోఫిన్ అని. దాన్ని తయారు చేసే జన్యువులో డెబ్బై తొమ్మిది ముక్కలు ఉంటాయి. మనవాడికి నలభై ఐదు నుంచి యాభై దాకా, వరసగా ఆరు ముక్కలు లేవు. ఆ ఆరూ లేకపోయేసరికి తర్వాతవి ఉన్నా ఒంటికి అర్థం కావడం లేదు. అందుకే కండ తయారైనట్టే అయి కరిగిపోతోంది. పిక్కల లావు బలం కాదక్కా, కండ పోయిన చోట చేరిన కొవ్వు. ఈ మాట అమ్మకి చెప్పకు.

ఊళ్ళో అందరూ మేనరికం వల్లే అంటారు కదా, కాదట. బావకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు, ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది. మగపిల్లాడికి ఉండేది ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. బలం తగ్గడాన్ని కొంత ఆపే మాత్రలు పంపుతున్నాను, పొద్దున తిన్నాక ఇవ్వు. జాగ్రత్తగా చూసుకుంటే ఇరవైలు దాటి బతుకుతున్నవాళ్ళు ఉన్నారంది.

ఇందులో ఒక ఫారం పెట్టాను. అమ్మ వైపు వాళ్ళందరినీ రాయాలి. ఎవరికి ఎంతమంది పుట్టారు, ఎవరున్నారు, ఎవరు పోయారు. ఐదేళ్ళకే ఆశ్రమ పాఠశాలకి పోయినదాన్ని, నాకేం తెలుసు? అమ్మని అడిగి నువ్వే నింపు. బేగి పంపు.

గాయత్రి

పనసగుడ,
అక్టోబరు 18

గాయత్రికి,

మాత్రలు అందాయి, ఇస్తున్నాను. నీ ఉత్తరం చదువుతూ 'తల్లి నుంచే' అన్న చోట ఆగాను. తర్వాత లేచి పొయ్యి మీది అంబలి దించి, మళ్ళీ వచ్చి మిగతాది చదివాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఫారం నింపాను. అమ్మ పక్కన కూర్చుని అందరి పేర్లూ చెప్పింది. తాతమ్మ దగ్గర నుంచి మన దాకా అందరూ ఉన్నారు. చిన్నతనంలో పోయిన మగపిల్లలు అన్న గడి ఒకటుంది. దాంట్లో 'ఎవరూ లేరు' అని రాశాను. అమ్మ కూడా అలాగే రాయమంది.

కొండ కింద చేలన్నీ వలిసెలు పూసి పసుపుపచ్చగా ఉన్నాయి. ఫోటోలు తీసుకోవడానికి కార్లలో జనం దిగుతున్నారు. భీముడు గడపలో కూర్చుని కార్లు లెక్కపెడుతున్నాడు.

అక్క

విశాఖపట్నం,
నవంబరు 7

అక్కా,

ఈసారి కొంచెం మంచి మాట. నీ ఫారం డాక్టరమ్మకి చూపించాను. గుండ్రాలూ చతురస్రాలూ గీసి మన ఇంటిని మొత్తం ఒక కాగితం మీద పెట్టింది. ఆడవాళ్ళు గుండ్రాలు, మగవాళ్ళు చతురస్రాలు. నల్లరంగు నింపింది ఒక్క భీముడి గడికే. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో మూడోవంతు మందికి తల్లిలో ఏ లోపమూ ఉండదట, బిడ్డలోనే కొత్తగా పుడుతుందట. ఇంతమంది మగపిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి మీ ఇంట్లోనూ అలాగే అయ్యుండొచ్చు అంది. నీ రక్తం చూస్తే ఖాయంగా చెబుతుందట. వీలు చూసుకుని రా.

అంటే నీ తప్పేం లేదక్కా. ఎవరి తప్పూ లేదు. ఆ రోజు ఇంటికెళ్ళి చేపల పులుసు వండాను. టైటస్ నా ముఖం చూసి ఏదో లాటరీ తగిలిందా అని ఏడిపించాడు. నువ్వు కూడా కాస్త తిని పడుకో. నీ సంగతి నాకు తెలుసు, అందరికీ వడ్డించి నువ్వు గిన్నె నాకుతావు.

గాయత్రి

పనసగుడ,
నవంబరు 28

గాయత్రికి,

కాఫీ పండ్లు ఎర్రబడ్డాయి. వదిలేస్తే రాలిపోతాయి. పొద్దున పిల్లల్ని చూసుకుని మధ్యాహ్నం నుంచి తోటలో ఉంటున్నాను. రక్తం ఇవ్వడానికి ఇప్పుడు రాలేను. తర్వాత చూద్దాం.

భీముడు బడి మెట్ల మీద పడ్డాడు. గడ్డం కింద మూడు కుట్లు. ఇప్పుడు మీ బావ వీపున మోసుకెళ్ళి దింపి వస్తున్నాడు. దారిలో వాడు వాళ్ళ నాన్న చెవి పట్టుకుని అటు తిప్పు, ఇటు తిప్పు అని డ్రైవింగు చేస్తాడట. ఇంటికొచ్చాక ఇద్దరూ నవ్వుకుంటూ చెబుతారు, నేను వింటాను.

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నా కొడుకు జబ్బు గురించి రాస్తూ అంత తేలిగ్గా ఎలా ఉన్నావో తెలియలేదు. కోపంతో అనడం లేదు. ఈమధ్య నాకు కోపం కూడా సరిగ్గా రావడం లేదు. అమ్మ తిడితే వినబడుతుంది, అంతే.

అక్క

విశాఖపట్నం,
జనవరి 6

అక్కా,

నువ్వు అడిగినదానికి జవాబు. నాకు ఐదో నెల.

ఐదో నెల వచ్చేదాకా పుట్టింటికి కూడా చెప్పకూడదని అమ్మే కదా మనకు నేర్పింది. కిందటేడు రెండో నెలలోనే కడుపు పోయాక నాకూ భయం పట్టుకుంది. అందుకే నోరు మూసుకున్నాను. అక్టోబరులో నీ కాగితం నా బ్యాగులో ఉన్నప్పుడే ఇది నా కడుపులో ఉంది. తల్లి నుంచే అని డాక్టరమ్మ అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది భీముడు కాదక్కా, నేను. క్షమించు.

నీ ఫారం వచ్చాక నా సంగతి ఆవిడకి చెప్పాను. ఇంట్లో ఇంకెవరికీ లేదు కాబట్టి మీకు ముప్పు తక్కువ, ముందు మీ అక్క రక్తం చూద్దాం, అనుమానం ఉంటే అప్పుడు ఉమ్మనీరు తీసి చూద్దాం అంది. కడుపులో సూది గుచ్చుతారట. నాకు వద్దనిపించింది. నీ గడిలో 'ఎవరూ లేరు' అని ఉంది కదా, దాన్ని పట్టుకుని నిద్రపోతున్నాను.

ఇప్పుడు తెలిసిందా నేనెందుకు తేలిగ్గా ఉన్నానో? అమ్మకి నువ్వే చెప్పు. కొంచెం సంతోషించు.

గాయత్రి

పనసగుడ,
జనవరి 9

గాయత్రీ,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. మీ బావ చేతికిచ్చి పొద్దున బస్సెక్కిస్తున్నాను. కూర్చుని చదువు.

మనకో అన్న ఉండేవాడు. పేరు భీముడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. పదమూడో ఏట పోయాడు, ఆ మరుసటేడు నువ్వు పుట్టావు. అమ్మకి ఒక తమ్ముడు ఉండేవాడట. అతని పేరూ భీముడే. పద్నాలుగో ఏట పోయాడట. అన్న పుట్టినప్పుడు అమ్మమ్మ గిన్నెలో నీళ్ళు పోసి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ బియ్యపు గింజలు వేసింది. భీముడన్న పేరు దగ్గర గింజ తేలి నిలబడింది. తమ్ముడే తిరిగొచ్చాడని అమ్మ ఏడ్చిందట. నా కొడుకు పుట్టినప్పుడు అమ్మ వేసింది. మళ్ళీ ఆ పేరు దగ్గరే నిలబడింది. వాడికి మూడేళ్ళొచ్చాక పిక్కలు చూసి, "సూసేవా, ఆడే. నాను సెప్పలేదేటే" అంది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది.

పోయినవాడు తిరిగొచ్చేదాకా వాడి పేరు ఎవరూ ఎత్తకూడదు. వచ్చాక వాడు పోయాడని అననే కూడదు, అంటే మళ్ళీ వెళ్ళిపోతాడు. అందుకే నీకెవరూ చెప్పలేదు. ఆ గడి నింపేటప్పుడు నేను అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు గాయత్రీ. వాడు నా ఎదురుగా గడపలో కూర్చుని కార్లు లెక్కపెడుతున్నాడు. పోయాడని చేత్తో ఎలా రాయను?

కానీ ఒకటి మాత్రం తెలిసే దాచాను. అన్న కూడా తొడల మీద చేతులు వేసుకునే లేచేవాడు. పదో ఏట నడక పోయింది. బడికి నేనే వీపున మోసేదాన్ని. వీడు ఐదో ఏట మొదటిసారి అలా లేచినప్పుడు నేను చేటలో చోళ్ళు చెరుగుతున్నాను. చూశాను. చెరగడం ఆపలేదు. ఆ రోజు నుంచీ నాకు ఏ మాటా లోపలికి దిగడం లేదు. నీ కాగితం వచ్చేటప్పటికి నాకు తెలియనిది ఆ జబ్బు పేరొక్కటే.

నల్లగడి ఒకటి కాదు, మూడు. రక్తం ఇవ్వడానికి రాకపోవడానికి కాఫీ కారణం కాదు. నీ కడుపు సంగతి తెలిసి ఉంటే ఆ రోజే రాసేదాన్ని. ఈ మాట నమ్ముతావో లేదో.

అక్క

విశాఖపట్నం,
జనవరి 10

అక్కకి,

బావ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తిరుగు బస్సుకి టైమవుతోంది.

నమ్ముతాను. అయినా కోపంగా ఉంది. ముగ్గురు పోతుంటే ఒకడని లెక్కపెట్టారు. నేను రికార్డుల గదిలో పనిచేసి కూడా మీ కాగితాన్ని నమ్మాను.

పంతొమ్మిదో వారం. ఇరవై నాలుగు దాటాక కడుపు తీయించాలన్నా పెద్ద డాక్టర్ల బోర్డు ముందు నిలబడాలి. రేపే రా. అమ్మని కూడా తీసుకురా. రానంటే ఎత్తుకురా.

గాయత్రి

పనసగుడ,
జనవరి 20

గాయత్రికి,

క్షేమంగా చేరాం. ఘాట్‌లో అమ్మ రెండుసార్లు వాంతి చేసుకుంది.

ఆసుపత్రి బెంచీ మీద మనం ముగ్గురం వరసగా మోచేతులు మడుచుకుని కూర్చున్నాం, దూది నొక్కి పట్టుకుని. నీ పొట్ట కనిపిస్తోంది. చెయ్యి వేద్దామనుకున్నాను, నువ్వు గోడ వైపు చూస్తున్నావు. తర్వాత నిన్ను ఆ సూది గదిలోకి తీసుకెళ్ళారు. బయటికొచ్చి నువ్వు టైటస్ పక్కన కూర్చున్నావు. అది సబబే.

నువ్వు లోపలున్నప్పుడు జరిగింది నీకు తెలియదు. డాక్టరమ్మ అమ్మకి ఓపిగ్గా చెప్పింది. ఇది మీ అమ్మ నుంచి మీకు, మీ నుంచి మీ పిల్లలకు వచ్చి ఉంటుంది, పోయిన ఆ ఇద్దరికీ ఈ పిల్లాడికీ లేనివి అవే ఆరు ముక్కలు అయ్యుంటాయి అని. అమ్మ అంతా విని తలూపింది. "అదే గదమ్మా నాను సెప్పింది! ముగ్గురికీ ఒకే గురుతు. ఆడే వచ్చేడని నాను సెప్తే నవ్వీవోరు" అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

దారి పొడుగునా అమ్మ గర్వంగా ఉంది. బస్సులో పక్కనున్నామెకి కూడా చెప్పింది. నాకు అప్పుడు మొదటిసారి అమ్మ మీద అసహ్యం వేసింది. ఇంటికొచ్చి ఆమె కాళ్ళకి నూనె రాశాను.

కబురు వచ్చిన రోజే రాయి. ఏదైనా సరే.

అక్క

విశాఖపట్నం,
మార్చి 2

అక్కా,

కబురు వచ్చి మూడు వారాలైంది.

అమ్మలో ఉంది, నీలో ఉంది, నాలో ఉంది. బిడ్డ మగపిల్లాడు. మామూలుగా చెప్పకూడదు, ఇలాంటి జబ్బున్న ఇళ్ళకి చెప్పడానికి చట్టం ఒప్పుకుంటుందట. నాకున్న రెండు ఎక్స్‌లలో వాడికి మంచిది వెళ్ళింది. డెబ్బై తొమ్మిది ముక్కలూ ఉన్నాయి.

వాడికి లేదక్కా.

ఈ మాట రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నానో. టైటస్ మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాడు, వాళ్ళమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. నాకు సంతోషం రావాలి కదా. వస్తుందని చూస్తున్నాను. భీముడు జూలైలో ఇక్కడికి వచ్చినప్పుడు లిఫ్టులో పైకీ కిందకీ తిప్పమని పేచీ పెట్టాడు, అదే గుర్తొస్తోంది. నీకూ నాకూ ఒకేలా బొమ్మాబొరుసూ వేశారు. నాకు పడింది, నీకు పడలేదు. నిన్ను ఎలా పలకరించాలో తెలియక ఊరుకున్నాను.

అమ్మ ఫోన్ చేయించింది. బిడ్డ పుట్టగానే గిన్నె పట్టుకుని వస్తానంటోంది. వద్దననా?

ఇంకో మాట. పాత ఫారం చింపేశాను. డాక్టరమ్మ ఫైల్లోకి కొత్తది కావాలట. ఖాళీది పెడుతున్నాను. ఇష్టం లేకపోతే రాయొద్దు, నేనే నింపుకుంటాను.

గాయత్రి

పనసగుడ,
మార్చి 16

నా చెల్లెలు గాయత్రికి,

సిగ్గుపడకు. నీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివాను. 'వాడికి లేదు' అన్నచోట నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్ళ తర్వాత వచ్చింది. అది సంతోషమో మరొకటో విడదీసి చూడలేదు, వచ్చినంతసేపూ రానిచ్చాను. భీముడు చూసి పొగా అని అడిగాడు. కాదు, పిన్నికి బాబు పుడతాడట, నీకు మంచి తమ్ముడు అన్నాను. 'ఆడికి కొండెక్కడం వొస్తాదా' అని అడిగాడు. వస్తుంది అన్నాను. 'అయితే నాను కింద నుంచి దారి సెప్తాను' అన్నాడు.

అమ్మని రానీ, గిన్నె తేనీ. గింజలు వెయ్యనీ, ఆమెకి అదొక్కటే తెలుసు. కానీ నాకు మాటివ్వు. నా కొడుకు పోయాక నీకో, నీ వాళ్ళకో ఎప్పుడు మగపిల్లాడు పుట్టినా నా వాణ్ణి తిరిగి రమ్మని పిలవొద్దు. ఆ పేరు దగ్గర గింజ నిలబడితే గిన్నె పారబోయి. అమ్మకీ ఈ మాట చెప్పాను. "తల్లివేనేటే నువ్వు, గుంటణ్ణి మళ్ళీ రావొద్దంటన్నావు" అని రెండు రోజులు నాతో అన్నం ముట్టలేదు. మూడోరోజు తింది.

నేను అన్నదేమిటంటే, నా కొడుకు ఇంతకు ముందు రాలేదు. అన్నకి పనస తొనలంటే ప్రాణం. వీడు వాసనకే ముఖం తిప్పుకుంటాడు. అమ్మ తొమ్మిదేళ్ళుగా వాడి నోట్లో కుక్కుతూ, 'ఈపాలి మారేడు' అంటోంది. అన్నకి నేను బాకీ పడిన ఏడుపు వీడి మీద పెట్టుకున్నాను. ఇద్దరికీ అన్యాయమైంది. మేనమామ సంగతి అడిగితే అమ్మ చాలాసేపు ఆలోచించి, వెదురుతో బుట్టలల్లేవాడని చెప్పింది. ఆమె ఆ మాట అనడం నేను ఎప్పుడూ వినలేదు. అన్నాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఫారం నింపాను. పోయిన మగపిల్లల గడి చాలక పక్కన గీత గీసి ఇలా రాశాను:

భీముడు. మా అమ్మ తమ్ముడు. పద్నాలుగో ఏట చనిపోయాడు. బుట్టలల్లేవాడు.

భీముడు. మా అన్న. పదమూడో ఏట చనిపోయాడు. పనస తొనలు ఇష్టం.

ఆ పైన, బతికి ఉన్నవాళ్ళ గడిలో:

భీముడు. నా కొడుకు. తొమ్మిదేళ్ళు.

రాయడం అయ్యేసరికి వాడు పాకుతూ వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి చదివాడు. "ఇన్ని భీముళ్ళేటమ్మా? ఇందులో నానేది?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. మిగతా ఇద్దరెవరని అడిగాడు. చెప్పాను, ఇద్దరూ చనిపోయారని కూడా చెప్పాను. కాసేపు చూశాడు. తర్వాత నా చేతిలో పెన్ను లాక్కుని, తన పేరు పక్కనున్న తొమ్మిది కొట్టేసి, తొమ్మిదిన్నర అని రాశాడు.

ఆ కొట్టివేత డాక్టరమ్మ అడిగితే చెప్పు, అది వాడు దిద్దిందని.

అక్క